టన్ను బరువు పెరిగితే సస్పెన్షన్ మోస్తుందా? ట్రాక్డ్ యుద్ధ వాహనానికి డిజిటల్ మోడల్ కట్టి వాడే పద్ధతి

యుద్ధ వాహనం సర్వీసులో చేరాక బరువు పెరగడమే గానీ తగ్గడం అరుదు. ఒక ఏడాది కొత్త సైటు, ఇంకో ఏడాది అదనపు కవచం, ఆ తర్వాత రేడియోలు, బ్యాటరీలు, ఏసీ. విడిగా చూస్తే ఏదీ పెద్ద బరువు కాదు, అన్నీ కలిసేసరికి టన్ను అవుతుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్‌లో తయారయ్యే, సైనికుల్ని మోసే ట్రాక్డ్ వాహనం బీఎంపీ-2నే తీసుకోండి. మూల డిజైన్ సోవియట్ కాలపు 1970ల నాటిది. వీటిలో 693 వాహనాల ఆయుధ వ్యవస్థను బీఎంపీ-2ఎం స్థాయికి పెంచడానికి రక్షణ శాఖ 2024 ఫిబ్రవరిలో ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌తో ఒప్పందం చేసుకుంది. రాత్రి చూపు, కొత్త గన్నర్ సైటు, కమాండర్ పనోరమిక్ సైటు, ఫైర్ కంట్రోల్ అందులో ఉన్నాయి. పాత హల్ (వాహనపు ఒళ్ళు) మీద కొత్త సామగ్రి ఎక్కించాలనుకున్న ప్రతిసారీ మెకానికల్ వాళ్ళ ముందుకొచ్చే ప్రశ్న ఒకటే: కింద ఉన్న టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), డ్యాంపర్లు (ఊపును అణిచేవి), ట్రాకు దీన్ని మోస్తాయా?

ఈ ప్రశ్నకు కంప్యూటర్ మీద నమ్మదగిన జవాబు ఎలా రాబట్టాలో ఇక్కడ వరసగా చెబుతున్నాం. ఉదాహరణకు తీసుకున్నది బీఎంపీ-2 తరగతి వాహనం: 14.3 టన్నులు, 300 హార్స్‌పవర్, ఒక్కో వైపు 6 రోడ్ వీల్స్, టార్షన్ బార్ సస్పెన్షన్. ఈ అంకెలు అందరికీ తెలిసినవే. స్ప్రింగ్ గట్టిదనం, వీల్స్ మధ్య దూరం లాంటివి మాత్రం లెక్క చూపించడానికి మేం అనుకున్న విలువలు. మీ వాహనానికి మీరే కొలుచుకోవాలి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"వాహనానికి డిజిటల్ ట్విన్ కడదాం" (అంటే కంప్యూటర్లో దాని ప్రతిరూపం) అన్నది ప్రశ్న కాదు. అలా మొదలైన పనుల్లో ఆరు నెలలు హల్‌లోని బోల్టులన్నీ క్యాడ్‌లో గీయడంతోనే గడిచిపోతాయి. రాయాల్సింది ఇలా ఉంటుంది: "ముందు భాగంలో 1 టన్ను పెరిగితే, 150 మి.మీ. అర్ధవృత్తపు దిమ్మె మీదుగా గంటకు ఎన్ని కి.మీ. వేగం వరకు డ్రైవర్ సీటు దగ్గర అదురు 2.5 జీ దాటకుండా ఉంటుంది?"

ఇందులో కొలవదగిన రాశి, హద్దు, పరీక్ష పరిస్థితి మూడూ ఉన్నాయి. 2.5 జీ (జీ అంటే భూమి గురుత్వ త్వరణం) హద్దు, ఎగుడుదిగుడు నేలపై డ్రైవర్ ఒళ్ళు గ్రహించే శక్తికి 6 వాట్ల హద్దు కొత్తవేం కావు. అమెరికా సైన్యపు ప్రయోగశాలల్లో పుట్టిన నాటో రిఫరెన్స్ మొబిలిటీ మోడల్ కాలం నుంచీ వాడుకలో ఉన్నాయి. మీ సొంత హద్దులు పెట్టుకోవచ్చు గానీ, ఈ రెండింటినీ కలిపి చూపిస్తే ఇతరుల ఫలితాలతో పోల్చుకోవడం తేలిక.

మీ వాహనం చక్రాలదైతే, పైన ఎత్తులో బరువు పెరుగుతుంటే, దిమ్మెల కంటే ముందు బోల్తా ప్రశ్న రాయండి. 2010 నుంచి 2019 ఆర్థిక సంవత్సరాల మధ్య అమెరికా సైన్యం, మెరైన్ దళాల టాక్టికల్ వాహనాలకు యుద్ధంతో సంబంధం లేని ప్రమాదాలు 3,753 జరిగాయనీ, 123 మంది చనిపోయారనీ అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2021లో లెక్క తేల్చింది.

2. తూకం వేయండి, సీజీ (గురుత్వ కేంద్రం) పట్టుకోండి

మోడల్ తప్పులకు మూలం వెతుకుతూ పోతే ఎక్కువసార్లు తేలేది బరువు పట్టిక దగ్గరే. డ్రాయింగు బరువును నమ్మకండి. వెల్డింగ్, పెయింటు, వైరింగ్, మధ్యలో ఎప్పుడో బిగించిన బ్రాకెట్లు అందులో ఉండవు. వాహనాన్ని కడిగి తూకం వేయండి, ఎందుకంటే ట్రాకుల్లో, హల్ అడుగున పట్టుకున్న బురదే వందల కిలోలు తూగగలదు. ఇంధనం నిండుగా, సిబ్బంది స్థానాల్లో ఇసుక సంచులు, మందుగుండు బదులు డమ్మీ బరువులు పెట్టి ఒకసారి, ఖాళీగా ఇంకోసారి తూచండి. రెండు స్థితుల్నీ వేర్వేరు పేర్లతో దాచుకోండి.

ముందు, వెనక లోడ్ సెల్స్ రీడింగుల నుంచి సీజీ పొడవు దిశలో ఎక్కడుందో తేలిగ్గా వచ్చేస్తుంది. ఎత్తు అలా రాదు. వాహనాన్ని ఒక చివర లేపి, వంపులో బరువు ఎంత మేర అటు మారిందో చూసి లెక్కగట్టాలి. ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి.

మొదటిది, సస్పెన్షన్‌ను లాక్ చేయకుండా లేపడం. స్ప్రింగులు నొక్కుకుని హల్ ఇంకాస్త వంగుతుంది, ఎత్తు తప్పుగా వస్తుంది. రెండోది, భయంతో తక్కువ కోణంలో ఆపేయడం. సీజీ 1 మీటరు ఎత్తులో ఉందనుకోండి, ఆధారాల మధ్య దూరం 3.5 మీటర్లు. 10 డిగ్రీలు వంచితే బరువు మార్పు 7 కిలోన్యూటన్లు మాత్రమే. తూకంలో అర కిలోన్యూటన్ తేడా ఉన్నా సీజీ ఎత్తులో 7 సెం.మీ. తప్పు వస్తుంది. అదే 20 డిగ్రీలైతే మార్పు 14.6 కిలోన్యూటన్లు, తప్పు సగానికి పడిపోతుంది. కనీసం మూడు కోణాల్లో కొలిచి గీత గీయండి. బిందువులు సరళరేఖ మీద లేకపోతే ఏదో కదులుతోందని అర్థం. ఎక్కువసార్లు అది సగం నిండిన ఇంధన ట్యాంకే.

3. సాఫ్ట్‌వేర్ తెరవక ముందు కాగితం మీద లెక్క

దీన్ని దాటేసి నేరుగా మల్టీబాడీ (కదిలే భాగాలన్నిటినీ కలిపి లెక్కించే) సాఫ్ట్‌వేర్‌లోకి దూకేవాళ్ళకు రంగురంగుల యానిమేషన్ వస్తుంది, అది సరైనదో కాదో చెప్పే ఆధారం మాత్రం చేతిలో ఉండదు. అరగంట పని, చేసి తీరాలి.

14.3 టన్నుల్లో ట్రాకులు, వీల్స్, ఆర్మ్‌లు తీసేస్తే స్ప్రింగుల మీద ఉండేది 12 టన్నులు అనుకుందాం. 12 వీల్స్, ఒక్కోదానికి 1,000 కిలోలు. హల్ పైకీ కిందకీ ఊగే సహజ ఫ్రీక్వెన్సీ 1.4 హెర్ట్జ్ అయితే ఒక్కో వీల్ దగ్గర స్ప్రింగ్ గట్టిదనం మీటరుకు 77.4 కిలోన్యూటన్లు. నిలబడి ఉన్నప్పుడు నొక్కు 127 మి.మీ.

ఇప్పుడు టన్ను ఎక్కించండి. సరిగ్గా సీజీ మీద పెడితే హల్ అంతా సమానంగా 10.6 మి.మీ. దిగుతుంది, అంతే. కానీ అదనపు కవచం ఎక్కువగా ముందు భాగానికే వస్తుంది. సీజీకి 1.5 మీటర్లు ముందు పెట్టారనుకోండి. వీల్స్ మధ్య దూరం 0.7 మీటర్లు తీసుకుంటే, సీజీ నుంచి వాటి దూరాలు 0.35, 1.05, 1.75 మీటర్లు, రెండు వైపులా. ఈ దూరాల వర్గాలన్నీ కలిపితే 17.15, దాన్ని 77.4తో గుణిస్తే ముక్కు వంపుకు ఎదురు నిలిచే గట్టిదనం రేడియన్‌కు 1,327 కిలోన్యూటన్ మీటర్లు. వంచే మొమెంటు 14.7. అంటే వంపు 0.0111 రేడియన్లు, మొదటి వీల్ దగ్గర 19.4 మి.మీ. మొత్తం కలిపితే ముందు వీల్ దగ్గర 30 మి.మీ. దిగి, వెనక వీల్ దగ్గర 9 మి.మీ. లేస్తుంది.

ఈ 30 మి.మీ. ముందు వీల్ మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మెకు, అంటే బంప్ స్టాప్‌కు ఉన్న దూరంలోంచి పోయినట్టే. స్టాప్ వరకు 200 మి.మీ. ఉందనుకుంటే 15 శాతం మొదట్లోనే ఖర్చయిపోయింది. ఊగే ఫ్రీక్వెన్సీ మాత్రం 1.4 నుంచి 1.35కి, ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే డ్యాంపింగ్ నిష్పత్తి 4 శాతం మేర తగ్గుతాయి. రెండూ పట్టించుకోనక్కర్లేనంత చిన్నవి. "బరువు పెరిగింది కదా, డ్యాంపర్లు మార్చేద్దాం" అనే తొందర ఎంత అనవసరమో ఈ ఒక్క లెక్కతోనే తెలుస్తుంది. అసలు ఇబ్బంది ముందు వీల్స్ ప్రయాణంలో ఉంది.

ఇదే టన్నును 1.5 మీటర్ల బదులు 0.5 మీటరు ముందు పెట్టగలిగితే ముందు వీల్ దిగుడు 17 మి.మీ.కు పడిపోతుంది. బ్యాటరీలు వెనక్కి జరపడం, టూల్ బాక్సులు మార్చడం లాంటి పనులతో సీజీ ఎంత వెనక్కొస్తుందో ముందు చూడండి. కొత్త బార్ డిజైన్ చేయించి, పరీక్షించి, ఆమోదం తెచ్చుకునే బాధతో పోలిస్తే అది ఖర్చే కాదు.

నీటి మీద తేలే వాహనమైతే ఇంకో లెక్క: టన్ను అంటే ఘనపు మీటరు నీరు. నీటి మట్టం దగ్గర హల్ వైశాల్యం 18 చదరపు మీటర్లు అనుకుంటే వాహనం మరో 5–6 సెం.మీ. మునుగుతుంది, ముక్కు అంతకంటే ఎక్కువ. కొన్ని అప్‌గ్రేడ్ ఆలోచనలు ఇక్కడే ఆగిపోతాయి, ఆగిపోవాలి కూడా.

4. భాగాలను విడిగా కొలవండి

టార్షన్ బార్: ఆర్మ్‌తో సహా రిగ్గు మీద పెట్టి, పూర్తి కిందనుంచి పూర్తి పైకి లోడు, కోణం గీత తీయండి. ఆర్మ్ తిరిగేకొద్దీ వీల్ దగ్గరి గట్టిదనం మారుతుంది, కాబట్టి ఒక్క అంకె చాలదు, గీత మొత్తం కావాలి. బార్‌కు తయారీలో ఒక దిశలో ప్రీసెట్ (ముందే గట్టిగా మెలిపెట్టడం) ఇస్తారు, అందుకే ఎడమ, కుడి గుర్తులుంటాయి. తారుమారుగా బిగించిన బార్ కొద్ది రోజులకే కుంగిపోతుంది లేదా విరుగుతుంది. కొలతకు ముందు గుర్తు చూడండి. వ్యాసం మీద ప్రభావం కూడా గుర్తుంచుకోండి: గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 5 శాతం లావు చేస్తే 21.5 శాతం గట్టిపడుతుంది.

డ్యాంపర్: డైనో (నొక్కి, సాగదీసి బలం కొలిచే యంత్రం) మీద సెకనుకు 0.05, 0.1, 0.3, 0.5, 1.0 మీటర్ల వేగాల్లో, నొక్కినప్పుడు, సాగినప్పుడు విడివిడిగా. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, 90 డిగ్రీలకు వేడెక్కించి ఇంకోసారి. రెండో గీతను చాలామంది వదిలేస్తారు. ఎగుడుదిగుడు నేల మీద అరగంట నడిచాక వాహనం నడిచేది ఆ రెండో గీత మీదే. సర్వీసులో వాడేసిన డ్యాంపర్లు రెండు తెచ్చి అవీ కొలిస్తే ఇంకా మేలు.

బంప్ స్టాప్ రబ్బరు: నెమ్మదిగా నొక్కిన గీత, వేగంగా కొట్టినప్పటి గీత ఒకటి కావు. 2.5 జీ ప్రశ్నకు జవాబు చెప్పేది ఈ రబ్బరే కాబట్టి డ్రాప్ టెస్ట్ చేయాల్సిందే.

ట్రాకు బిగువు: కొలత లేకపోతే వాహన బరువులో 10 శాతం దగ్గర మొదలుపెట్టండి. బిగువు ఎక్కువైతే ట్రాకు మొదటి, చివరి వీల్స్‌ను లాగి పట్టి సస్పెన్షన్‌ను గట్టిగా చూపిస్తుంది. తక్కువైతే మలుపులో ట్రాకు ఊడిపోతుంది, మోడల్లోనూ, నేల మీదా.

5. మోడల్ కట్టండి, ఈ వరసలోనే నడపండి

ఆడమ్స్, రికర్‌డైన్, సింప్యాక్ లాంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్లలో ట్రాక్డ్ వాహనాలు కట్టవచ్చు. లైసెన్సు లేకపోతే ప్రాజెక్ట్ క్రోనో ఉంది. విస్కాన్సిన్–మ్యాడిసన్, పార్మా విశ్వవిద్యాలయాల వాళ్ళు అభివృద్ధి చేస్తున్న ఓపెన్ సోర్స్ ఇంజిన్ అది. అందులో ఎం113 ట్రాక్డ్ వాహనం రెడీగా దొరుకుతుంది. దానికి ఒక్కో వైపు ఐదు రోడ్ వీల్స్. ఆరో స్టేషన్ చేర్చి, బరువులు, జడత్వాలు, స్ప్రింగ్ గీతలు మార్చుకుంటూ పోతే ఖాళీ ఫైలుతో మొదలుపెట్టినదానికన్నా వారాలు ఆదా అవుతాయి.

హల్‌ను ఒకే దృఢ వస్తువుగా ఉంచండి. ప్లేట్ల వంపు, వెల్డు పగుళ్ళు వేరే ప్రశ్న, దానికి వేరే మోడల్.

ముందు వాహనాన్ని చదునైన నేల మీద వదిలేసి స్థిరపడనివ్వండి. హల్ ఎత్తు కాగితం లెక్కకు 3 మి.మీ. లోపల రావాలి. రాకపోతే ఇంకేదీ నడపకండి, బరువు రెండుసార్లు కలిసిందేమో చూడండి. తర్వాత హల్‌ను 50 మి.మీ. లేపి వదిలి ఊగే ఫ్రీక్వెన్సీ చూడండి. ముక్కు పైకెత్తి వదిలి పిచ్ ఫ్రీక్వెన్సీ చూడండి. మన ఉదాహరణలో పిచ్ జడత్వ వ్యాసార్ధం 1.7 మీటర్లు అయితే అది 1 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఈ అంకె పక్కన రాసుకోండి: గంటకు 30 కి.మీ. అంటే సెకనుకు 8.3 మీటర్లు, కాబట్టి 8 మీటర్లకొకటిగా ఎత్తుపల్లాలున్న దారిలో సరిగ్గా ఆ వేగంలోనే ముక్కు ఎగిరెగిరి పడుతుంది. డ్రైవర్లకు ఇది అనుభవంలో తెలుసు, మోడల్ దాన్ని ఒప్పుకోవాలి.

ఆ తర్వాతే 100, 150, 200 మి.మీ. అర్ధవృత్తపు దిమ్మెలు. చివరగా ఐఎస్‌ఓ 8608 (దారి గరుకుదనానికి అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం తయారుచేసిన యాదృచ్ఛిక దారులు: సి తరగతి నుంచి ఎఫ్ వరకు. ఒక్కో తరగతి పెరిగితే గరుకు శక్తి నాలుగింతలవుతుంది. ప్రతి దారినీ కనీసం ఐదు వేర్వేరు యాదృచ్ఛిక బీజాలతో (దారిని పుట్టించే మొదటి సంఖ్యలతో) నడపండి. ఒకే దారి మీద వచ్చిన గరిష్ఠ విలువ ఆ దారి సంగతి, వాహనం సంగతి కాదు.

టైమ్ స్టెప్ సగం చేసి ఒకసారి నడపండి. సీటు త్వరణం 2 శాతం కంటే ఎక్కువ మారితే మొదటి స్టెప్ పెద్దదని అర్థం. ట్రాకు లింకుల మోడళ్ళలో ఇది మామూలుగా జరిగేదే.

6. నేలను మర్చిపోకండి

గట్టి నేల మీద అంతా బాగానే వచ్చి, మెత్తటి నేల దగ్గర బోర్లాపడే మోడళ్ళే ఎక్కువ. మొదటి అడుగుగా బెకర్ సమీకరణం చాలు: ఒత్తిడిని నేల గట్టిదనంతో భాగించి, వచ్చినదాన్ని నేల ఘాతాంకపు విలోమానికి ఎత్తితే దిగబాటు లోతు వస్తుంది.

టెర్రామెకానిక్స్‌లో (వాహనం, నేల సంబంధం చదివే శాస్త్రంలో) తరచూ ఉదహరించే థాయ్‌లాండ్ బంకమట్టి విలువలు (తేమ 38 శాతం) తీసుకుందాం. ఘాతాంకం 0.5, 300 మి.మీ. ట్రాకుకు గట్టిదనం మొత్తం 736 (కిలోపాస్కల్, మీటరు లెక్కలో). వాహన బరువును ట్రాకు నేలకు ఆనే వైశాల్యంతో భాగిస్తే సగటు ఒత్తిడి 65 కిలోపాస్కల్. దిగబాటు 8 మి.మీ. వస్తుంది. ఇంత బురదలో 8 మి.మీ.యేనా అని అనుమానం రావాలి.

సగటు ఒత్తిడి అన్నది కాగితం మీది అంకె. ట్రాకు చాప లాగా సమానంగా పరుచుకోదు. రోడ్ వీల్ కింద ఒత్తిడి సగటుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. 180 కిలోపాస్కల్ వేసి చూస్తే దిగబాటు 6 సెం.మీ. ఒత్తిడి 2.8 రెట్లు, లోతు ఏడున్నర రెట్లు పైనే. ఘాతాంకం 0.5 కావడం వల్ల వచ్చిన తేడా ఇది. అందుకే పోటీ వాహనాల బ్రోషర్లలోని సగటు ఒత్తిడి అంకెలు పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం దండగ.

పట్టు సంగతి కూడా అదే మట్టిలో చూడండి. అంతర్గత ఘర్షణ కోణం 13 డిగ్రీలు. టన్ను అదనపు బరువు 30 శాతం వాలు మీద 2.2 కిలోన్యూటన్ల పట్టు తెస్తుంది, కానీ దాన్ని పైకి లాగడానికే 2.8 కావాలి. అంటే ఈ మట్టిలో ఎక్కించే ప్రతి కిలో నష్టమే. పొడి ఇసుకలో కోణం 28 డిగ్రీలు, అక్కడ అదే టన్ను 5 కిలోన్యూటన్ల పట్టు ఇచ్చి లాభం చూపిస్తుంది. దిగబాటు వల్ల వచ్చే నిరోధం ఇందులో కలపలేదు, కలిపితే లెక్క ఇంకాస్త బిగుస్తుంది.

విలువలు ఎక్కడినుంచి తేవాలి? నేలలోకి ప్లేటు నొక్కి కొలిచే బెవామీటర్‌తో అయితే తప్పకుండా రెండు వేర్వేరు సైజుల ప్లేట్లు నొక్కాలి. ఒకే ప్లేటుతో వచ్చిన గట్టిదనం ట్రాకు వెడల్పుకు మార్చడం కుదరదు. కోన్ పెనెట్రోమీటర్ (నేలలోకి కోన్ గుచ్చి గట్టిదనం కొలిచేది) ఉంటే 15–30 సెం.మీ. పొర సగటు తీసుకోండి, వాహనాలు పదేపదే తొక్కే దారైతే కలియదొక్కిన మట్టి రీడింగు కూడా. తెలంగాణ నల్లరేగడి మీద పరీక్షిస్తుంటే రీడింగు పక్కన తేదీ, తేమ శాతం లేకపోతే ఆ రీడింగు చెత్తబుట్టకే. ఏప్రిల్‌లో నెర్రెలిచ్చి రాయిలా ఉన్న చెలక ఆగస్టులో మడమ లోతు దిగుతుంది.

బెకర్ లెక్కతో తృప్తి లేకపోతే క్రోనోలోని ఎస్‌సీఎం నేలకు (ట్రాకు కింద కుంగే మెత్తటి నేల మోడల్‌కు) వెళ్ళండి. నాటో దేశాలు పాత మొబిలిటీ మోడల్‌ను కొత్త తరానికి మార్చే పనిలో 2018లో మిషిగన్‌లోని కీవీనా రీసెర్చ్ సెంటర్‌లో ఒక ప్రదర్శన వాహనాన్ని నడిపి, సాఫ్ట్‌వేర్ల అంచనాలతో పోల్చి చూశాయి. అక్కడ అనుసరించిన క్రమం మీకూ పనికొస్తుంది: అంచనా ముందు, పరీక్ష తర్వాత.

7. వాహనానికి సెన్సర్లు కట్టండి

తక్కువ పెట్టండి, సరిగా పెట్టండి. డ్రైవర్ సీటు మీద మూడు దిశల ప్యాడ్, సీటు కింద హల్ నేల మీద ఒకటి, సీజీ దగ్గర ఐఎంయూ (త్వరణం, తిరుగుడు కొలిచే పరికరం), మొదటి రెండు, చివరి రోడ్ ఆర్మ్‌లకు కోణం సెన్సర్లు, డ్యాంపర్ ఒంటికి ఉష్ణోగ్రత, జీపీఎస్. త్వరణాలు సెకనుకు 1,000 నమూనాలు, ముందు 200 హెర్ట్జ్ దగ్గర యాంటీ ఎలియాసింగ్ (దొంగ ఫ్రీక్వెన్సీలు రాకుండా ఆపే) ఫిల్టర్. అయస్కాంతపు మౌంటు ట్రాక్డ్ వాహనం మీద నిలవదు, స్టడ్ వేయండి లేదా అంటించిన ఉక్కు దిమ్మెకు బిగించండి. కేబుల్ ట్రాకుకు చేరువలో వెళ్తే రాయి తగిలి మొదటి రోజే తెగుతుంది. అన్ని ఛానళ్ళూ ఒకే లాగర్‌లోకి రావాలి. రెండు లాగర్ల గడియారాల్ని తర్వాత కలుపుదాం అనుకుంటే ఆర్మ్ కోణం, సీటు అదురు ఎప్పటికీ కలవవు.

పాత వాహనాల్లో క్యాన్ బస్ (ఎలక్ట్రానిక్ పరికరాల మధ్య డేటా లైను) ఉండదు, ఇంజిన్ వేగానికి ఫ్లైవీల్ పికప్ పెట్టుకోవాలి. కొత్తవాటిలో జే1939 (భారీ వాహనాల క్యాన్ ప్రమాణం) ఉంటే పని తేలిక, కానీ ఈ ఉచ్చుల్ని చూసుకోండి. ఇంజిన్ వేగం పీజీఎన్ (సందేశపు నంబరు) 61444లో నాలుగు, ఐదు బైట్లలో వస్తుంది, ఒక్కో అంకెకు 0.125 ఆర్‌పీఎం, చిన్న బైటు ముందు. ఆ రెండు బైట్లు 0, 50 అయితే విలువ 50 × 256 = 12,800, అంటే 1,600 ఆర్‌పీఎం. తిరగేసి చదివితే 6.25 వస్తుంది, అది వెంటనే పట్టుబడుతుంది. పట్టుబడనిది 8,191.875. బైట్లు రెండూ 255 ఉంటే "సమాచారం లేదు" అని అర్థం, దాన్ని అంకెగా మార్చేస్తే ఈ విలువ వస్తుంది. కూలెంట్ ఉష్ణోగ్రతలో అదే పొరపాటు 215 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఇలాంటివి నాలుగు కలిసినా సగటు చెడుతుంది, గరిష్ఠం సంగతి సరే సరి. లెక్కలకు ముందే వడకట్టండి.

త్వరణాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసి కదలిక తెద్దామంటే గీత ఎటో కొట్టుకుపోతుంది. 0.4 హెర్ట్జ్ హైపాస్ (అంతకంటే నెమ్మది మార్పుల్ని తీసేసే ఫిల్టర్) వేయండి, లేదా ఆర్మ్ కోణం సెన్సర్‌నే నమ్మండి.

8. పోల్చండి, కానీ నిజాయితీగా

పరీక్షకు ముందే మోడల్ అంచనాలు తేదీ వేసి ఫైలు మూసేయండి. పరీక్ష డేటాలో సగం మోడల్ సర్దడానికి, మిగతా సగం తీర్పుకు. తీర్పు డేటాను చూసి ఒక్క విలువ మార్చినా అది ఇక తీర్పు డేటా కాదు.

మేం వాడే హద్దులు: ఊగే, పిచ్ ఫ్రీక్వెన్సీలు 5 శాతం లోపు, ఆర్ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) త్వరణం 15 శాతం లోపు, దిమ్మె మీద గరిష్ఠ త్వరణం 20 శాతం లోపు. గరిష్ఠం ఇంకా దగ్గరగా రావాలని పట్టుబడితే రబ్బరు గీతను అడ్డదిడ్డంగా వంచాల్సి వస్తుంది, అది మరుసటి దిమ్మె మీద మోసం చేస్తుంది.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి? ఫ్రీక్వెన్సీ తప్పితే బరువు లేదా స్ప్రింగ్. ఫ్రీక్వెన్సీ సరే, ఊపు త్వరగా చావడం లేదు లేదా మరీ త్వరగా చస్తోందంటే డ్యాంపర్, ఆర్మ్ బుష్ ఘర్షణ. చిన్న ఎగుడుదిగుళ్ళ మీద మోడల్ మెత్తగా, అసలు వాహనం గట్టిగా ఉంటే ట్రాకు బిగువు. మొదటి పరుగులు సరిపోయి, సాయంత్రం పరుగులు సరిపోకపోతే డ్యాంపర్ వేడి.

9. ఇప్పుడు మార్పులు ప్రయత్నించండి

ఒక్కో పరామితిని విడిగా ఊపడం మానండి. ముందు బార్ గట్టిదనం, డ్యాంపర్ గీత, బరువు స్థానం, బంప్ స్టాప్ ఎత్తు, ఈ నాలుగింటిని పరిధులన్నిటినీ సమంగా తడిమే లాటిన్ హైపర్‌క్యూబ్‌తో 60–80 కలయికలుగా పరచి ఒక రాత్రి నడిపిస్తే ఏది ఎంత పనిచేస్తుందో తేలుతుంది. బరువు స్థానం, బంప్ స్టాప్ దూరం మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే ఆశ్చర్యపోకండి.

బార్‌ను దాని చివరనున్న పళ్ళలో ఒక పన్ను మేర తిప్పి బిగించి హల్ ఎత్తు సరిచేయడం ఫీల్డులో అందరూ చేసే చిట్కా. ఎత్తు తిరిగొస్తుంది, నిజమే. పూర్తి బంప్‌లో బార్ మెలిక కూడా అంతమేర పెరుగుతుంది. 300 మి.మీ. ఆర్మ్ మీద 30 మి.మీ. అంటే దాదాపు 6 డిగ్రీలు. దాన్ని మోడల్లో పెట్టి అలసట (మళ్ళీమళ్ళీ పడే లోడుతో లోహం పగలడం) లెక్క చూశాకే ఒప్పుకోండి.

అలసటకు రెయిన్‌ఫ్లో లెక్కింపు (లోడు హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టడం), మైనర్ నియమం (వాటి నష్టాన్ని కూడడం) వాడండి. స్ప్రింగుల మీది బరువు 12 నుంచి 13 టన్నులైతే లోడు 8.3 శాతం పెరిగింది. లోడ్లన్నీ అదే నిష్పత్తిలో పెరిగాయనీ, పదార్థపు అలసట గీత వాలు 5 అనీ అనుకుంటే నష్టం 1.5 రెట్లు, ఆయుష్షు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. స్టోర్స్ వాళ్ళకు చెప్పాల్సిన అంకె ఇదే. విడి బార్ల ఇండెంటు దీన్నిబట్టి మారాలి.

10. సర్వీసులో ఉన్న వాహనాల రికార్డుతో ముడివేయండి

వర్క్‌షాప్ జాబ్ కార్డులు బంగారు గని, కాకపోతే మట్టి ఎక్కువ. ఒకే భాగం "టి బార్", "టార్సన్", "బార్ ఎల్3" అని మూడు రకాలుగా రాసి ఉంటుంది. ముందు పార్ట్ నంబరు, స్టేషన్ నంబరు, వైపు, నడిచిన కిలోమీటర్లు నాలుగు గడులుగా విడగొట్టండి.

ఆయుష్షు లెక్కలో తరచూ దొర్లే తప్పు, విరిగినవాటి సగటే ఆయుష్షు అనుకోవడం. 40 బార్లలో 6 విరిగాయనుకోండి. మిగతా 34 ఇంకా నడుస్తున్నాయి, వాటి కిలోమీటర్లు లెక్కలోకి రాకపోతే ఆయుష్షు అన్యాయంగా తక్కువ కనిపిస్తుంది. వైబుల్ అనే గణాంక పద్ధతిలో విరగనివాటినీ విరగనివిగానే నమోదు చేస్తారు. వచ్చిన ఆకార పరామితి 1 కంటే తక్కువైతే తయారీ లేదా బిగింపు లోపం వెతకండి. 2–3 దాటితే అది అరుగుదల, అలసట, మోడల్ చెప్పిన కథే. విరిగినవన్నీ ఒకే స్టేషన్‌వి అయితే ఆ స్టేషన్ బంప్ స్టాప్‌ను ముందు చూడండి.

11. ఫైళ్ళు, గోప్యత

ప్రతి పరుగుకూ ఒక నంబరు. ఆ నంబరుతో బరువు పట్టిక వెర్షన్, స్ప్రింగ్ గీత, నేల ఫైలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ నాలుగూ దొరకాలి. గిట్ (ఫైళ్ళ వెర్షన్లు దాచే సాఫ్ట్‌వేర్) చాలు, ఖరీదైన పీఎల్ఎం (ఉత్పత్తి డేటా నిర్వహణ సాఫ్ట్‌వేర్) లేకపోయినా నడుస్తుంది.

జీపీఎస్ డేటా విషయంలో అలసత్వం పనికిరాదు. స్ట్రావా యాప్ విడుదల చేసిన వ్యాయామ పటంలో సైనిక స్థావరాల ఆకారాలు గీతలుగా కనిపించాయని 2018 జనవరిలో ప్రపంచమంతా చూసింది. పరీక్ష ముగియగానే అక్షాంశ రేఖాంశాల్ని మొదటి బిందువు నుంచి దూరాలుగా మార్చి, అసలు ఫైలును ఆఫ్‌లైన్ డిస్కులో తాళం వేయండి. సరఫరాదారుకు వెళ్ళే కాపీలో వాహనం రిజిస్ట్రేషన్ నంబరు, యూనిట్ పేరు, తేదీ ఉండకూడదు. డ్యాంపర్ తయారుచేసేవాడికి కావాల్సింది వేగం, బలం, ఉష్ణోగ్రత, ఈ మూడు నిలువు వరసలు మాత్రమే.

కొత్త పరికరం ఏది ఎక్కినా, 50 కిలోలు దాటితే బరువు పట్టిక వెర్షన్ మార్చి 3వ అంచె లెక్క మళ్ళీ వేయండి. ముందు వీల్ దిగుడు 5 మి.మీ. దాటకపోతే మోడల్‌ను కదిలించనక్కర్లేదు. దాటితే దిమ్మె పరుగులు మళ్ళీ నడపండి.